ఆరో రీలు

థార్న్‌షా,
1932 అక్టోబరు 9, ఆదివారం.

చెల్లి ఐవీకి,

నీ ఉత్తరం అందింది. మీ స్టూడియోలో కథలకి కరువొచ్చిందనీ, మీ బావ జేబెజ్ కథ సినిమాకి రాసిస్తానని మీ యజమానికి మాటిచ్చేశాననీ రాశావు. మాటిచ్చేశాక నన్ను అడుగుతున్నావు. చిన్నప్పుడు నా రిబ్బన్లు పెట్టుకుని వీధిలోకి వెళ్ళాక కదూ, "అక్కా, పెట్టుకోనా?" అని అరిచేదానివి. నీ వరస ఏమీ మారలేదు.

సరే, రాయి. కానీ ఉన్నది ఉన్నట్టు రాయి. నువ్వు లండన్ వెళ్ళి తొమ్మిదేళ్ళయింది, ఒకటీ అరా మరిచిపోయి ఉంటావు. అందుకని మళ్ళీ చెబుతున్నాను.

నిరుడు మార్చి పదిహేడున నాలుగో షెడ్డులో తోలు పట్టా చక్రం మీద నుంచి జారింది. ఇంజను ఆపి ఎక్కించాలి. ఆపితే నాలుగొందల మగ్గాలు ఆగిపోతాయి. మేస్త్రీ ఆర్మరాడ్ షెడ్డు ఆ చివర నిలబడి మీ బావతో, "ఇంజను ఆపేది లేదు. ఎక్కు" అన్నాడు. మీ బావ నిచ్చెన ఎక్కాడు. చొక్కా చెయ్యి పట్టాలో పడింది. తరవాతది రాయలేను.

కింద పడ్డ మనిషికి తెలివొస్తుందని ఎవరో నోట్లో బ్రాందీ పోశారు. బుద్ధెరిగిన దగ్గర్నుంచీ చుక్క ముట్టని మనిషి. వద్దనడానికి కూడా ఓపిక లేదు ఆయనకి. కాసేపటికే పోయాడు. విచారణలో ఆర్మరాడ్ నిలబడి, "అతని దగ్గర మందు వాసన వచ్చిందండీ" అన్నాడు. అది అబద్ధం కాదు చూడు, వాడి తెలివంతా అక్కడే ఉంది.

సేరా ఎలెన్ ఆవేళ ఎదురు వరసలో మగ్గాల మీద ఉంది. విచారణకి భయపడకుండా వెళ్ళి ఆర్మరాడ్ అన్న మాట చెప్పింది. విచారణాధికారి బయటూరాయన, జన్మలో షెడ్డు గడప తొక్కి ఎరగడు. "ఆ మాట నువ్వు విన్నావా?" అని అడిగాడు.

"వినలేదయ్యా, చూశాను."

"మాటని చూడడమేమిటమ్మా?"

హాల్లో కోటేసుకున్న వాళ్ళందరూ నవ్వారు. ఆ మోతలో ఎవరికి ఎవరి మాట వినపడుతుంది? మనమంతా మూతులు చూసే కదా మాట్లాడుకునేది. అమ్మ మనల్ని తిట్టిన తిట్లలో సగం మూతితో తిట్టినవే. అది ఆయనకెలా తెలుస్తుంది? "విన్నదేదైనా ఉంటే చెప్పు, లేకపోతే కూర్చో" అన్నాడు. 'మద్యం మత్తులో ప్రమాదం' అని కాగితం మీద రాసేశాడు.

ఇక మన చాపెల్ సంగతి. మద్యం ముట్టనని ఒట్టు పెట్టుకున్న వాళ్ళ పుస్తకంలో మీ బావ పదకొండో ఏట సంతకం చేశాడు. పాస్టరు గారు ఆ పేరు మీద ఎర్ర సిరాతో గీత కొట్టారు. ఆయన వాయించే బూరా చాపెల్ బ్యాండుదట, మనిషిని పంపి తీసుకుపోయారు. నేనూ సేరా ఎలెన్ మిల్లుకి పనికిరాకుండా పోయాం. ఇద్దరం ఇప్పుడు జూబిలీ సినిమా హాల్లో పొద్దున్నే నేల తుడుస్తున్నాం.

నాకింకేమీ వద్దు ఐవీ. ఆ ఎర్ర గీత పోవాలి. మీ సినిమా చూసి ఒక్క మనిషైనా, "అయ్యో, జేబెజ్ తాగలేదు" అనాలి. అంతకి తక్కువ రాశావో, మళ్ళీ నా గడప ఎక్కకు.

నీ అక్క,
కెజయా.


బ్రెంట్‌ఫర్డ్, లండన్,
1932 నవంబరు 27.

అక్కా,

కథ ఒప్పుకున్నారు! పేరు 'ఆగని ఇంజను'. నాలుగు రాత్రులు కూర్చుని టైపు చేశాను, వేళ్ళు వాచిపోయాయి. మా యజమాని క్రాపర్ గారు మొదటి పేజీ, చివరి పేజీ చదివి, "సెట్లు ఎక్కువ లేవు, బావుంది" అన్నారు. మధ్యలో ఏముందో ఆయన చదవడు.

సినిమా అంటే నువ్వు ఏదేదో ఊహించుకునేవు. మాది అట్టతో కట్టిన కొంప. ప్రతి హాలూ ఇన్ని బ్రిటిష్ బొమ్మలు వేసి తీరాలని చట్టం ఉంది కదా, ఆ లెక్క పూర్తి చెయ్యడానికి అమెరికా బొమ్మలు తెచ్చేవాళ్ళే మా చేత తీయిస్తారు. మిల్లులో ముతక గుడ్డ నేసినట్టు ఇక్కడ మేం గజాల లెక్కన సినిమా నేస్తాం. నాణ్యం ఎవడూ చూడడు, పొడవు చూస్తారు. ఆరు రీళ్ళ బొమ్మ పన్నెండు రోజుల్లో అయిపోవాలి. ఏ సన్నివేశమైనా ఒక్కసారే. నటుడు తడబడినా అంతే, తలుపు ఊడి వాడి చేతికొచ్చినా అంతే. మొన్న ఒకాయన పెట్టుడు మీసం సగం ఊడింది. డైరెక్టరు, "ఆ చెంప అటు తిప్పవయ్యా" అని కానిచ్చేశాడు.

స్టూడియో వెనకే రైలు పట్టాలు. మాటల సినిమా కదా, రైలొచ్చిందంటే ఆ మోత మైకులో పడుతుంది. అందుకని డాబా మీద ఒక మనిషి ఎర్ర జెండా పట్టుకుని నిలబడతాడు. రైళ్ళ వేళలు రాసుకుని, ఇప్పుడు తీయొచ్చు, ఇప్పుడు ఆగాలి అని డైరెక్టరుకి చెప్పే పని నాది. సంభాషణల కాగితాలు పట్టుకోవడమూ నాదే.

జేబెజ్ భార్య వేషం మిస్ లోరింగ్ వేస్తోంది. మంచి మనిషి, పొగరు లేదు. టీ తాగుతుంటే నన్ను పట్టుకుని, "మీ అక్క ఎలా నిలబడుతుంది? ఎలా నడుస్తుంది?" అని అడుగుతుంది. కోపమొచ్చినప్పుడు నువ్వు చేతులు ఆప్రాన్‌లో చుట్టుకుంటావని చెప్పాను. చుట్టుకుని చూపించింది. అచ్చం నువ్వే.

బావ పేరు నిలబెడతాను అక్కా. చూస్తూ ఉండు.

ఐవీ.


బ్రెంట్‌ఫర్డ్,
1933 జనవరి 15.

అక్కా,

బొమ్మ పూర్తయింది. కొన్ని మార్పులు జరిగాయి. పేరు కూడా మార్చారు. సినిమా అన్నాక ఇవి మామూలే. మీ ఊరొచ్చినా పెద్దగా ఆశ పెట్టుకుని చూడకు. మొత్తం చూసేదాకా ఏమీ అనుకోకు. నాకు జలుబు చేసింది, ఇంతకన్నా రాయలేను.

ఐవీ.


థార్న్‌షా,
1933 మార్చి 20, సోమవారం.

ఐవీ,

నిన్ను చెల్లీ అని పిలవడానికి చెయ్యి రావడం లేదు.

మీ బొమ్మ వచ్చింది. సాయంత్రం ఆటల్లో కాదు, అక్కడ అమెరికా బొమ్మ ఆడుతోంది. మీది పొద్దున్నే ఏడింటికి వేస్తారు, మేం నేల తుడుస్తుండగా. చట్టం లెక్క పూర్తి కావాలి కదా, ఎవడో ఒకడు హాల్లో ఉంటే చాలట. అయిదుగురు పనిమనుషులమే మీ ప్రేక్షకులం. మేం వంగుని కుర్చీల కింద నారింజ తొక్కలూ సిగరెట్టు పీకలూ ఏరుతుంటే, పైన మీ వాళ్ళు మా వీపులకేసి మాట్లాడుతుంటారు. ఏ బొమ్మనీ ఇన్నాళ్ళూ తలెత్తి చూడలేదు నేను.

ఈవేళ సేరా ఎలెన్ నా భుజం పట్టుకుని లాగింది. "కెజయా, అటు చూడవే. ఆ పిల్ల చేతులు చూడు" అంది.

చూశాను. ఆప్రాన్‌లో చేతులు చుట్టుకుని నేనే నిలబడి ఉన్నాను తెర మీద. మా వంటిల్లే. కిటికీలో నా జిరేనియం కుండీ కూడా పెట్టావు. ఇంతలో తలుపు తన్నుకుంటూ ఒకడు లోపలికొచ్చాడు. చేతిలో సీసా, నోట్లో బూతులు. వాడు మీ బావట! నీకు సైకిలు నేర్పిన మనిషి. నువ్వు లండన్ బయలుదేరిన రోజు నీ పెట్టె భుజాన వేసుకుని స్టేషనుకి మూడు మైళ్ళు నడిచిన మనిషి. ఆయన్ని తీసుకెళ్ళి మందు కొట్టు ముందు బోర్లా పడేశావు. పైగా ఆ పేరేమిటి, 'మత్తులో పోయిన మనిషి'! విచారణాధికారి కాగితం మీద రాస్తే నువ్వు నిలువెత్తు గోడ మీద రాశావు.

అయిదు రీళ్ళు తాగుతూనే ఉన్నాడు. నిచ్చెన ఎక్కేటప్పుడు కూడా తూలుతూ ఎక్కాడు. ఆ మేస్త్రీ వేషగాడు "వద్దురా బాబూ, దిగు" అని బతిమాలుతున్నాడు. బతిమాలుతున్నాడు, ఐవీ! నేను బకెట్టు అక్కడే వదిలేసి వరండాలోకి పోయి గోడకేసి గుద్దాను. చెయ్యి వాచింది. సేరా ఎలెన్ కట్టు కట్టింది.

"మీ చెల్లెలే కదా రాసింది?" అని మిగతా ముగ్గురూ అడిగారు. ఏం చెప్పమంటావు?

నీకు ఉద్యోగం కావాలి, ఉంచుకో. ఎవరి కథైనా అమ్ముకో. నాది అమ్మావు చూడు, అది ఈ జన్మలో మరిచిపోను. నువ్వు పంపిన శాలువా ఇదే టపాలో వెనక్కి పంపుతున్నాను.

కెజయా ఎంట్‌విసిల్.


బ్రెంట్‌ఫర్డ్,
1933 మార్చి 21, మంగళవారం.

కెజయా ఎంట్‌విసిల్ గారికి,

ఇంటిపేరుతో సంతకం పెట్టావు కదా, గారు అనకపోతే బావుండదు.

తిట్టు. నాకు తగినవే సగం ఉన్నాయి అందులో. కానీ నువ్వొక్కదానివే కోపం తెచ్చుకోగలవని అనుకోకు. మధ్య పేజీల్లో ఏముందో ఎవరో చెబితే, క్రాపర్ నా కాగితాలు చింపి మొహాన కొట్టినప్పుడు నువ్వు లేవు. "మిల్లు యజమానుల మీద బొమ్మ తీస్తే ఏ ఊళ్ళో ఆడనిస్తారు? మొగుణ్ణి తాగుబోతుని చెయ్యి, పెళ్ళాం ఏడుస్తుంది, జనం ఏడుస్తారు, ఇంటికెళ్తారు" అన్నాడు. ఎదురు చెప్పాను. బల్ల గుద్దాను. "నువ్వు రాయకపోతే రేపు ఇంకో పిల్ల రాస్తుంది. ఆ గుమ్మం బయట పదిమంది నిలబడ్డారు" అన్నాడు. నిజంగానే నిలబడ్డారు. ఇంకో పిల్ల రాస్తే ఏం రాస్తుందో, అందులో మన మాట ఒక్కటైనా మిగులుతుందో మిగలదో. అందుకని నేనే రాశాను. ఆ తాగుడు సన్నివేశాలు ఈ చేతులతోనే టైపు కొట్టాను. దాచను.

ఇప్పుడు నేనొకటి అడుగుతాను, తిట్టకుండా జవాబు చెప్పు. బొమ్మకి ఆరు రీళ్ళు. నువ్వు అయిదే అంటున్నావు. ఆరో రీలు చూశావా, లేదా?

చూడకపోతే చూడు. విచారణ సన్నివేశం వస్తుంది. మిస్ లోరింగ్ బోనులో నిలబడుతుంది. రైలు మోత వస్తుంది, మాట వినపడదు. వినకు. చూడు.

ఇంతకంటే రాయను. బొమ్మ విడుదలయ్యేదాకా నీకు ఎందుకు చెప్పలేదంటే, నీ కడుపులో మాట ఆగదు. ఆ ఊళ్ళో ఈ చివర అన్నది ఆ చివర వినపడుతుంది. అక్కణ్ణుంచి క్రాపర్ చెవిన పడితే ఒక్క కత్తెరతో పోతుంది.

శాలువా వెనక్కి పంపావంటే తపాలా వాళ్ళ చేత మళ్ళీ నీకే పంపిస్తాను. అది రైల్లో తిరుగుతూనే ఉంటుంది, మనిద్దరిలో ఎవరు ముందు చస్తే వాళ్ళకి కప్పుతారు.

ఐవీ.


థార్న్‌షా,
1933 మార్చి 23, గురువారం.

ఐవీ,

ఆరో రీలు మేమెవరమూ ఎన్నడూ చూడం. ఏ బొమ్మదీ చూడం. అయిదో రీలు అయ్యేసరికి హాలు తుడవడం అయిపోతుంది, మమ్మల్ని బయటి మెట్లు కడగడానికి తోలేస్తారు. బొమ్మ ఖాళీ కుర్చీలకి ఆడుతుంది.

నీ ఉత్తరం నిన్న వచ్చింది. కోపంతో పొయ్యిలో వేద్దామనే అనుకున్నాను. సేరా ఎలెన్ లాక్కుంది. చదివి ఒకటే మాటంది, "రేపు మెట్లు కడగం."

ఈ పొద్దున్న అయిదో రీలు అయ్యింది. మేం అయిదుగురం బకెట్లు నడవలో పెట్టి, తడి ఆప్రాన్‌లతో ముందు వరస మెత్తటి కుర్చీల్లో కూర్చున్నాం. మేనేజరు టాటర్సాల్ పరిగెత్తుకొచ్చాడు.

"ఏంటిది? లేవండి, లేవండి! మెట్లు ఎవరు కడుగుతారు?"

"బ్రష్షు అదిగో అక్కడుందండీ" అంది సేరా ఎలెన్.

"ఆ కుర్చీలు తడిసిపోతున్నాయి!"

"పొద్దున్న మేమే తుడిచాం. మళ్ళీ మేమే తుడుస్తాంలెండి."

"అందర్నీ పనిలోంచి తీసేస్తాను, ఏమనుకుంటున్నారో! ఏయ్, పైన! ఆ బొమ్మ ఆపవయ్యా!"

ముసలి ఆపరేటరు గది కిటికీలోంచి తల బయటపెట్టాడు. "ఆపకూడదండీ. పూర్తిగా వెయ్యకపోతే చట్టం లెక్కకి రాదు. మీరే కదా చెప్పింది" అన్నాడు. టాటర్సాల్ నోట్లోనే ఏదో గొణుక్కున్నాడు. వాడు ఏమన్నాడో నాకు తెలుసు, మర్యాదస్తురాలిని కాబట్టి రాయను.

తరవాత ఆ పిల్ల బోనులోకొచ్చింది. అధికారి వేషగాడు, "నీ భర్త ఆ రోజు తాగాడా?" అని అడిగాడు. రైలొచ్చింది. హాలంతా ఒకటే రొద. ఆమె మొహం తెర నిండా ఉంది. పెదవులు మెల్లగా, పెద్దగా, ఒక్కో మాటనీ విడదీసి కదిపింది, షెడ్డులో అటు చివరి మనిషికి చెప్పేటప్పుడు మనం కదిపినట్టు.

*ఇంజను ఆపేది లేదు, ఎక్కు అన్నాడు. మా ఆయన చుక్క ముట్టలేదు.*

రైలు వెళ్ళిపోయింది. అధికారి ఆమె ఒప్పేసుకున్నట్టు తలాడించి ఏదో రాసుకున్నాడు. బొమ్మ అయిపోయింది.

సేరా ఎలెన్ లేచి నిలబడింది. "ఇదే! నేను చూసింది ఇదేనే! ఇదే చెప్పానయ్యా ఆ రోజు!" అని తెర మీదున్న ఆ ఖాళీ వెలుతురుకేసి అరిచింది. రెండేళ్ళుగా ఊళ్ళో దాన్ని అబద్ధాలకోరు అంటుంటే నోరెత్తని మనిషి. వెనక్కి తిరిగి టాటర్సాల్‌తో, "మీరు చూశారా అండీ?" అంది. ఆయన పట్నంలో పుట్టి పెరిగిన మనిషి, మూతులు చదవడం రాదు. "ఏం చూడాలి? రైలు మోత తప్ప ఏముంది?" అన్నాడు. మేం ఒకళ్ళ మొహాలు ఒకళ్ళం చూసుకున్నాం.

ఏడ్చాననుకునేవు. ఏడవలేదు. ఒళ్ళంతా మండిపోయింది. అంత మాట ఉంచుకుని, దాన్ని ఖాళీ కుర్చీలకి చూపిస్తున్నారే అని.

ఎలా చేశావే ఇది? రాయి. నీ మీద కోపం పోయిందనుకోకు.

కెజయా.


బ్రెంట్‌ఫర్డ్,
1933 మార్చి 24, శుక్రవారం.

అక్కా,

ఇంటిపేరు తీసేశావు. చాలు.

క్రాపర్ రాయించిన మాట, "అవునండీ, తాగాడు." ముందు రోజు మిస్ లోరింగ్ నా దగ్గరికొచ్చి, "ఈ ముక్క నా నోటంట రాదు ఐవీ. నువ్వు చెప్పిన మనిషి ఈ మాట అనదు" అంది. అప్పుడు నాకు తట్టింది. మనూరి మూతిమాట ఆమెకి నేర్పాను. భోజనాల వేళ, దుస్తుల గదిలో అద్దం ముందు. మొదట్లో చేపలా నోరు తెరిచేది, నవ్వాపుకోలేకపోయేవాళ్ళం. సాయంత్రానికి పట్టేసింది.

పదకొండూ నలభైకి రైలు ఉంది. పదకొండూ ముప్పై ఎనిమిదికి డైరెక్టరు, "టైముందా?" అని అడిగాడు. "పావుగంట ఉందండీ" అన్నాను. డాబా మీద జెండా ఊగుతోంది. డైరెక్టరు వెనకాల కిటికీకి అడ్డంగా నేను నిలబడ్డాను. తొమ్మిదేళ్ళలో పనిలో నేనాడిన అబద్ధం అదొక్కటే.

మోత తగ్గాక నన్ను తిట్టాడు. ఫిలిం అయిపోయింది, మళ్ళీ తీయడానికి లేదు. "పోనీలే, ఏం చెప్పిందో అందరికీ అర్థమవుతుంది" అన్నాడు. అవుతుందిలే అనుకున్నాను, మన లాంకషైర్ మిల్లు ఊళ్ళలో అవుతుంది. క్రాపర్ ఇప్పటిదాకా బొమ్మ చూడనేలేదు. పొడవు కొలిపించుకుని పంపేశాడు.

అయిదు రీళ్ళ పాపం నాదే. ఆ ఒక్క మాట కోసం మిగతాదంతా రాశానని చెప్పుకుంటూ వచ్చాను. రాత్రుళ్ళు అది కూడా సరిపోవడం లేదు. బావ కళ్ళెదుట నిలబడుతున్నాడు. పెట్టె మోసుకుంటూనే ఉన్నాడు.

నువ్వే చూశావు కాబట్టి ఇప్పుడు అది నీది. ఏం చేసుకుంటావో చేసుకో.

ఐవీ.


థార్న్‌షా,
1933 మార్చి 27, సోమవారం.

ఐవీ,

ఏం చేశామో చెబుతాను, కుదురుగా కూర్చుని చదువు.

గురువారం సాయంత్రానికల్లా ఊళ్ళో ఆడవాళ్ళందరూ శాలువా నోటికి అడ్డం పెట్టుకుని మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. రహస్యం దాచాలంటే మనూళ్ళో అంతకన్నా దారి ఏముంది? మేస్త్రీలు ఎదురుగా ఉంటే బట్ట అడ్డం. రొట్టెల కొట్టు ముందు, బట్టలారేసే తాళ్ళ దగ్గర, ఎక్కడ చూసినా మూతుల మీద బట్టే. శుక్రవారం రాత్రి ఆటకి జనం టిక్కెట్ల కిటికీ దగ్గరికెళ్ళి, "ఆ బ్రిటిష్ బొమ్మ వేస్తేనే కొంటాం" అని వెనక్కి తిరిగారు. టాటర్సాల్ నెత్తి గోక్కున్నాడు. "ఆ చెత్తలో ఏముందమ్మా మీకు?" అన్నాడు. "ఏడుపొస్తుందండీ, ఏడవడం మాకిష్టం" అంది సేరా ఎలెన్. శనివారం మధ్యాహ్నం ఆటకి వేశాడు.

ఎనిమిది వందల మంది. గోడలకి ఆనుకుని నిలబడ్డారు. చాపెల్ పాస్టరు గారిని నేనే వెళ్ళి పిలిచాను. "నేను సినిమాలు చూడనమ్మా" అన్నాడు. "మీ పుస్తకంలో గీత ఉంది కాబట్టి ఇది మీరు చూడాలండీ" అన్నాను. నా మొహం చూసి కోటు తొడుక్కున్నాడు. నా పక్కనే కూర్చున్నాడు. ఆర్మరాడ్ ప్రతి శనివారం లాగే భార్యతో పై బాల్కనీ మొదటి వరసలో కూర్చున్నాడు. వాడికి ఎవరూ చెప్పలేదు.

అయిదు రీళ్ళు ఒక్కరూ దగ్గలేదు. తాగుబోతు తూలుతుంటే పాస్టరు గారు నాకేసి జాలిగా చూశాడు. పళ్ళు నూరుకుంటూ కూర్చున్నాను. నిన్ను తలుచుకునే నూరుకున్నాను.

ఆరో రీల్లో రైలొచ్చింది. ఆ పిల్ల అంది. అనగానే ఎనిమిది వందల మందీ కుర్చీల్లో వెనక్కి తిరిగి పైకి చూశారు. ఎవరూ గొంతెత్తలేదు. ఎవరూ అనుకుని చేసింది కాదు ఐవీ, దేవుడి మీద ఒట్టు. అందరూ ఒక్కసారే పెదవులు కదిపారు.

*ఇంజను ఆపేది లేదు. ఎక్కు.*

తెర వెలుతురు మొహాల మీద పడుతోంది. వాడు షెడ్డులో పుట్టి షెడ్డులో పెరిగిన మనిషి, ఎనిమిది వందల మూతులూ చదివాడు. వాడి మూతి కూడా కదలబోయింది. టోపీ తీసి నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

మనూళ్ళో నోటికి అడ్డం ఎందుకు పెట్టుకుంటారో పసిపిల్లలకి కూడా తెలుసు. వాడి భార్యకీ తెలుసు. ఆమె లేచి ఒక్కతే మెట్లు దిగి వెళ్ళిపోయింది. ఆ తరవాత చాలాసేపు వాడు ఆ టోపీ దించలేదు.

పాస్టరు గారు మగ్గాల్లేని డెవన్ వైపు మనిషి. "ఏమైంది? అందరూ ఎవరికేసి చూస్తున్నారు? నాకేమీ వినపడలేదే" అన్నాడు. నాకు అక్కడే ఆయన మెడ పట్టుకోవాలనిపించింది. రెండేళ్ళు ఆయనకేమీ వినపడలేదు మరి. ఏమన్నారో ఒక్కొక్క మాటా చెప్పాను, బ్రాందీ సంగతి కూడా చెప్పాను, ఈసారి గొంతెత్తి చెప్పాను. చుట్టూ ఉన్నవాళ్ళు తలాడిస్తూనే ఉన్నారు.

నిన్న ఆదివారం. ప్రార్థన అయ్యాక ఆయన పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టాడు. సేరా ఎలెన్‌ని పిలిచాడు.

"ఆర్మరాడ్ ఆ మాట అనడం నువ్వు విన్నావా అమ్మా?"

సేరా ఎలెన్ అతి నెమ్మదిగా, "వినలేదండీ. చూశాను" అంది.

"అది చాలు" అని కలం తీశాడు. ఎర్ర సిరా చెరగదట. అందుకని ఆ గీత కిందనే నల్ల సిరాతో, పెద్ద అక్షరాలతో మళ్ళీ రాశాడు. జేబెజ్ ఎంట్‌విసిల్. కింద సాక్షి సంతకం సేరా ఎలెన్ చేత పెట్టించాడు. ఆమెకి రాయడం సరిగా రాదు, తీరుబడిగా పెట్టింది. ఎవరూ తొందర చెయ్యలేదు.

బూరా సాయంత్రం తెచ్చిచ్చారు. అటక మీద పెట్టను. వంటింట్లో మేకుకి తగిలించాను, వచ్చిన ప్రతివాడూ చూడాలి.

అయిదు రీళ్ళకి నీ మీద కోపం అలాగే ఉంది. అది చిన్న కోపం కాదు, ఈస్టరు సెలవులకి వచ్చి ఎదురుగా కూర్చుని పడాలి నువ్వు. బంగాళాదుంపలు కూరి రొట్టె కాలుస్తాను. తిడుతూ వడ్డిస్తాను, తింటూ విను. మిస్ లోరింగ్‌ని కూడా తీసుకురా, ఆమెని తిట్టనని చెప్పు.

శాలువా ఈ ఉదయం తిరిగొచ్చింది. కప్పుకునే రాస్తున్నాను. నోటికి అడ్డం పెట్టుకోలేదు.

నీ అక్క,
కెజయా.